కోటు లోపల మా ఆయన

ఫిబ్రవరి 8

మా ఆయన క్రేను నడిపే కంపెనీ మూతపడుతోందట. వంతెన కట్టడం అయిపోయింది, ఇంకో వంతెన పని దొరకలేదు. ఏప్రిల్ నెలాఖరుతో ఆయన వీసా సరి. ఆయనది సరి అంటే నాదీ సరే, ఎందుకంటే నాది తోక వీసా. నా కార్డు మీద నా పేరు కింద, ఫలానా ఆయన మీద ఆధారపడిన మనిషి అని అచ్చేసి ఉంటుంది. ఊళ్లో సగంమంది ప్యాంట్లు జారిపోకుండా నిలబెడుతున్నది నేను. నేను ఆధారపడిన మనిషినట.

అన్నం తింటూ చెప్పారు. "ఇక చాల్లే. సర్దుకుని పోదాం."

"ఎవరు పోదాం?" అన్నాను.

"ఎవరేంటి? మనమే."

"మీ వీసా అయిపోయిందేమో గానీ నా ఆకలి ఇంకా అవ్వలేదు" అని ఇంకో ముద్ద కలుపుకున్నాను.

ఆయన నవ్వలేదు. ఇదివరకైతే కనీసం ముక్కుతో అయినా నవ్వేవాళ్లు.

ఫిబ్రవరి 9

రాత్రి హాయిగా నిద్రపట్టింది. మధ్యలో నాలుగైదుసార్లు లేచి కూర్చున్నానంతే.

ఫిబ్రవరి 12

కొట్లో టేపమ్మకి చెప్పాను. కొట్టు ఆవిడదే. మెళ్లో కొలతల టేపు లేకుండా ఆవిణ్ణి నేను ఒక్కరోజు కూడా చూడలేదు, అందుకని మన భాషలో ఆ పేరు పెట్టుకున్నాను. ఆ పేరుకి అర్థం మహారాణి అని ఆవిడకి చెప్పాను. పిలిస్తే మురిసిపోతుంది.

చేతిలో కత్తెర కింద పెట్టి అడిగింది. "నువ్వు పోతే ఈ జిప్పులన్నీ ఎవరు వేస్తారు, నా మొగుడా?"

ఆవిడ మొగుడు పోయి చాలా ఏళ్లయింది. ఇద్దరం పడీపడీ నవ్వాం. తర్వాత ఆవిడ నవ్వు ఆపేసి, నన్ను పూర్తి పనిలోకి తీసుకుంటానంది. ఇప్పటిదాకా తోక వీసా మీద సగంపూట పనికే అనుమతి. పూర్తి పని ఇస్తున్నట్టు ఆవిడ ఉత్తరం రాసిస్తే, వీసా నా పేరు మీదే మార్చుకోవచ్చట. ఇదివరకు ఒకావిడకి అలాగే చేసిందట.

నా పేరు మీద.

మా కొట్టు రోడ్డు కన్నా కిందికి ఉంటుంది. పైనుండే ఒక్క కిటికీలోంచి మనుషులు కనపడరు, కాళ్లే కనపడతాయి. ఎవరి ప్యాంటు ఎంత కుట్టాలో మెట్లు దిగకముందే నాకు తెలిసిపోతుంది. ఇవాళ సాయంత్రం అలా కాళ్లు చూస్తూ కూర్చుండిపోయాను. బాబిన్‌లో దారం అయిపోయినా తెలియలేదు, వట్టి సూదితో పైట అంతా కుట్టుకుంటూ పోయాను. పైట కాదు, కర్టెను. ఏం రాస్తున్నానో.

ఫిబ్రవరి 15

కాగితాలాయన దగ్గరికి వెళ్లాను. మనవాళ్లకి వీసా అర్జీలు నింపిపెట్టేది ఈయనే. టికెట్ల కొట్టు పైన గది, గదినిండా ఫైళ్లు, ఫైళ్ల మధ్య ఈయన.

"చదువెంతమ్మా?"

"ఏడు."

"ఏడు అంటే?"

"ఏడో క్లాసు. అదీ సగం. మేష్టారి కుర్చీకి జిగురు రాశానని మిగతా సగం ఇంటిదగ్గరే చదివించారు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చదువు తక్కువైతే అవతలివాళ్లు కొర్రీ వేస్తారు గానీ, చేసిన పనికి రుజువుంటే ఇస్తారని అన్నాడు. ఇంకో సంగతి. నా వీసా మా ఆయన వీసాకి పుట్టిన పిల్లట. పిల్ల వేరుపడాలంటే తల్లి ఎదురుగా ఉండాలట. ఇద్దరి అసలు పాస్‌పోర్టులూ ఆఫీసు కౌంటరు మీద కనపడాలి, అదీ ఏప్రిల్ నెలాఖరు లోపల. లేదంటే నాదీ గోవిందా.

లేచి వస్తుంటే అన్నాడు. "కావాలంటే మీ ఆయన్ని కూడా మీ మీద డిపెండెంట్‌గా పెట్టొచ్చమ్మా."

తాగుతున్న నీళ్లు ముక్కులోకి పోయాయి.

ఇంటికొచ్చి అదే చెప్పాను. ఆయన షేవింగ్ చేసుకుంటున్నారు, గెడ్డం సగంలో ఆగిపోయింది.

"నేను నీ కిందా?"

"కింద కాదండీ, మీద. నా మీద ఆధారపడతారు."

"వేళాకోళాలాడకు. ఇంటిదగ్గర తెలిస్తే పెళ్లాం కొంగు పట్టుకుని వేలాడుతున్నాడంటారు."

"ఇన్నేళ్లూ నేను మీ లుంగీ పట్టుకుని వేలాడాను. ఎవరైనా ఏమన్నా అన్నారా?"

మిగతా సగం గీసుకున్నారు. గెడ్డం కింద తెగింది. దూది ఇవ్వబోతే తీసుకోలేదు.

నాకేం కోపం లేదు.

ఫిబ్రవరి 20

ఆడపడుచు ఫోను. ఈయన చెప్పి ఉంటారు.

"ఏమ్మా, మా తమ్ముణ్ణి ఒంటరిగా పంపించేసి నువ్వక్కడే ఉంటావటగా?"

"ఒంటరెందుకు వదినా, మీరున్నారుగా. ఉప్పు కాస్త ఎక్కువ వేసి పెట్టండి, పొగడ్తలు ఇంకాస్త ఎక్కువ వేసి పెట్టండి. బండి నడిచిపోతుంది."

"ఈ వయసులో అక్కడ ఒక్కదానివీ ఏం ఊడబొడుస్తావు?"

"ప్యాంట్లు వదినా. ఊడితే కుడతాను, పొడుగైతే పొట్టి చేస్తాను."

"నీ నోటికి దణ్ణం."

"అది ఒక్కటే మిగిలింది వదినా నాకు. మిగతావన్నీ మీ బీరువాలోనే ఉన్నాయి."

ఠపీమని పెట్టేసింది. గెలిచాననుకుని గిన్నెలు తోముకున్నాను. తోమినవే మళ్లీ తోముతున్నానని ఆయన చెప్తే తెలిసింది.

వెనక్కి వెళితే ఏముంది? ఆ ఇంట్లో కుట్టుమిషను మెట్ల కింద ఉంటుంది, దానిమీద ఉల్లిపాయల బుట్ట. నేను కుట్టాలంటే బుట్ట ఎవరు తీస్తారో చూడాలి, తీశాక ఎవరు మూతి ముడుస్తారో చూడాలి. ఇక్కడ నా స్టూలు మీద టేపమ్మ కూడా కూర్చోదు.

ఫిబ్రవరి 24

రేపు టికెట్టు కొంటానన్నారు. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు సొరుగులోంచి ఆయన పాస్‌పోర్టు తీశాను. తలుపు వెనక పాత నీలం కోటు వేలాడుతోంది, ఆయన ఈ మధ్య వేసుకోవడంలేదు. దాని లైనింగు విప్పి, పాస్‌పోర్టు లోపల పెట్టి, మళ్లీ కుట్టేశాను. చేత్తో తడిమితే తప్ప తెలియదు. తడిమినా, వెనక వీపు దగ్గర ఎవరు తడుముతారు?

తమాషాకి.

ఇంతకుముందు ఆయన బనీను చేతులు కుట్టేశాను, టేపమ్మ జేబు కుట్టేశాను. ఇదీ అలాంటిదే. కౌంటరుకి వెళ్లే ముందురోజు తీసిచ్చేస్తాను. వెతుక్కోనీ. వెతుకుతున్నంతసేపూ ఇక్కడే ఉంటారుగా.

మార్చి 1

వెతుకుతున్నారు. మంచం కింద, పరుపు కింద, బాత్రూము అలమరలో. నేను కూడా వెతికాను.

"బియ్యం డబ్బాలో చూశారా?" అన్నాను.

పాపం, మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశారు. బియ్యం అంటుకున్న చెయ్యి చూస్తే కొంచెం జాలేసింది. చెప్పేద్దామనుకున్నాను. ఇంతలో "నీ చెత్త గుడ్డల మధ్య ఎక్కడో పోయి ఉంటుంది" అన్నారు. జాలి ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

మార్చి 6

కౌంటరుకి రమ్మన్న తేదీ వచ్చింది. ఈ నెల 19. ఇద్దరూ, ఇద్దరి పాస్‌పోర్టులూ. ఆయనకి చెప్తే, "అది దొరికితే నేనెందుకొస్తాను, విమానమెక్కుతాను" అన్నారు.

అయితే 18న కూడా తియ్యనేమో.

మార్చి 14

అక్షరాలు వంకరగా వస్తే రానీ.

కొట్లోంచి వచ్చి తలుపు వేశాను. తలుపు వెనక కోటు లేదు.

"ఇక్కడ కోటేదండీ?"

ఆయన నేలమీద కూర్చుని పెట్టె సర్దుతున్నారు. తలెత్తకుండానే చెప్పారు. "ఇచ్చేశా. ఇంటిదగ్గర కోటు ఎవడేసుకుంటాడు? వీధి చివర బట్టలు దానం చేసే ఇనప డబ్బా లేదూ, అందులో పడేశా. నీ చిరిగిన స్వెట్టరు కూడా."

చెప్పులు విడిచే చోటే, చెప్పుల మీదే కూర్చుండిపోయాను.

"ఏమైంది? స్వెట్టరు కావాలా?"

 

మార్చి 15

చెప్పేశాను. పొద్దున టీ ఇచ్చి, ఆయన తాగడం అయ్యేదాకా ఆగి చెప్పాను. వేడి టీ చేతిలో ఉండగా చెప్పడం మంచిది కాదని.

అరుస్తారనుకున్నాను. గ్లాసు కింద పెట్టారు. లేచి బూట్లు వేసుకున్నారు. లేసులు కట్టుకుంటూ అన్నారు. "నా వీసా అయిపోయాక కాగితం లేకుండా దొరికితే నన్ను జైల్లో పెడతారు. తెలుసా?"

"తెలుసు."

"నీ కౌంటరు కూడా పోతుంది. అదీ తెలుసా?"

"తెలుసు."

"తెలిసే చేశావా?"

తమాషాకి అందామనుకున్నాను. ఆ మాట నోట్లో చేదుగా తగిలింది.

"నడు" అన్నారు.

డబ్బా నిన్నే ఖాళీ చేశారట. దానిమీద బట్టలు ఏరే షెడ్డు అడ్రసు ఉంది. ఆదివారం షెడ్డు మూసి ఉంటుంది. ఇంటికొచ్చాం. వచ్చేదాకా, వచ్చాక, ఒక్క మాట లేదు. కొట్టినా బాగుండేది. అంటే, కొడితే నేను ఊరుకుంటానని కాదు.

మార్చి 16

ఊరి చివర రేకుల షెడ్డు. లోపల బట్టల గుట్టలు, మనిషి ఎత్తుకి రెండింతలు. ఒక గుట్ట చిన్నపిల్లలవి, ఒకటి దుప్పట్లు, ఒకటి కోట్లు. ఆ గుట్టల చుట్టూ చేతి తొడుగులు వేసుకున్న ఆడవాళ్లు. లోపల ఏరనివ్వరేమో అనుకుంటూ గేటు దగ్గర నిలబడ్డాం. గేటు దగ్గర కుర్చీలో వాచ్‌మన్. పొట్టి మనిషి. నీలం కోటు వేసుకున్నాడు, చేతులు వేళ్లు దాటి కిందికి వేలాడుతున్నాయి. పైనుంచి రెండో బొత్తాం మాత్రం గోధుమ రంగు.

ఆ బొత్తాం నేను కుట్టిందే. నీలం బొత్తాం దొరక్క.

వెళ్లి వాళ్ల భాషలో నాకొచ్చినట్టు చెప్పాను. "బాబూ, మీ కోటు లోపల మా ఆయన ఉన్నాడు."

అతను నన్ను చూశాడు. నా వెనక మా ఆయన్ని చూశాడు. "మరి ఈయనెవరు?"

"ఈయన అసలు మనిషి. లోపలున్నది ఫొటో."

అప్పుడు మొత్తం విప్పి చెప్పాను. అతను రెండు చేతులతో కోటు దగ్గరికి లాక్కున్నాడు. ఇక్కడ పనిచేసేవాళ్లకి ముందు ఏరుకునే హక్కుందట, ఇది తను న్యాయంగా తీసుకున్నదట. దొంగలు రకరకాల కథలు చెప్తారట.

"కోటు మీదే, మీరే ఉంచుకోండి. లోపల మనిషిని ఇచ్చేయండి చాలు."

"కోస్తే మళ్లీ ఎవరు కుడతారు?"

"నేనే."

అతను చేతులు పైకెత్తి చూపించాడు. పొడుగు చేతులు చిలక రెక్కల్లా ఊగాయి. "ఇవి కూడా కుట్టిపెడతావా?"

గాజులకి పిన్నీసులు ఎప్పుడూ ఉంటాయి, సంచిలో సూదీ దారమూ ఎప్పుడూ ఉంటాయి. అతని కుర్చీలో నేను కూర్చున్నాను. లైనింగు విప్పాను. ఉంది. మా ఆయన ఫొటోలో నిద్రమొహంతో చూస్తున్నారు. తీసి వెంటనే ఆయన చేతిలో పెట్టాను, ఇంకో క్షణం నా దగ్గరుంటే నాకేం బుద్ధి పుడుతుందో నాకే తెలియదు.

ఇక చేతులు మడిచి కుట్టడం మొదలెట్టాను. అతను పక్కన నిలబడి మాట్లాడుతూనే ఉన్నాడు. నేనూ మాట్లాడుతూనే కుట్టాను. బట్ట జారుతుంటే ఎవరో రెండోవైపు బిగించి పట్టుకున్నారు. చూస్తే మా ఆయన. మోకాళ్ల మీద కూర్చుని పట్టుకున్నారు.

కోటు వేసుకుని అతను గేటు పక్క కిటికీ అద్దంలో చూసుకున్నాడు. ఇకమీదట గేటు దగ్గరికెవరొచ్చినా ముందు కోటు చేతులే చూపిస్తాడని నా అనుమానం.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన మాట్లాడారు. నిన్నటినుంచీ మొదటి మాట.

"వాడితో అంతసేపు ఏం మాట్లాడావు?"

"వాళ్ల అక్క మోకాలి నొప్పి గురించి. కొండ మీద ఇల్లు తీసుకుందట, ఎక్కడం ఎంత కష్టమో మోకాలు అరిగాక తెలిసిందట."

ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నారు. "నాకు ఈ భాషలో ఎత్తు, దించు, ఆపు. ఈ మూడే వచ్చు."

"నాకూ మొదట్లో పొట్టి, పొడుగు, బిగుతేనండీ. ఆపైన నోరు ఊరుకోక."

జేబులో చిల్లర లెక్కపెట్టుకుంటూ అన్నారు. "నేను ఇక్కడికి పనికోసం వచ్చాను. నువ్వు ఇక్కడ ఉంటున్నావు."

కండక్టరు వచ్చాడు. ఆయన రెండు టికెట్లు తీసుకున్నారు.

మార్చి 17

పాస్‌పోర్టు చొక్కా జేబులో పెట్టుకుని బొత్తాం వేసుకున్నారు. రాత్రి పడుకున్నా ఆ చొక్కాతోనే. వస్తారా రారా అని అడగలేదు. అడిగే హక్కు నేనే కుట్టేసుకున్నాను. రాకపోతే ఒక్కదాన్నే వెళ్లి కౌంటరు ముందు కూర్చుంటాను. లేపితే లేస్తాను, మళ్లీ కూర్చుంటాను.

మార్చి 18

టికెట్టు కొన్నారట. ఏప్రిల్ 28.

మార్చి 19

పొద్దున లేచేసరికి ఆయన లేరు. పక్క సర్ది ఉంది. చూశావా, అనుకుని ఒక్కదాన్నే బయల్దేరాను. ఉన్నవాటిల్లో మంచి చీర కట్టుకున్నాను, పైన టేపమ్మ ఇచ్చిన కోటు. ఓడిపోయేటట్టుంటే బాగా తయారై ఓడాలి.

ఆఫీసు గుమ్మంలో ఉన్నారు. క్షవరం చేయించుకుని, ఇస్త్రీ చొక్కాతో.

"ఎక్కడికెళ్లారు?"

"కనపడట్లా?" అని తల చూపించారు.

లోపల బెంచీల నిండా జనం. పిల్లల్ని ఊరుకోబెట్టేవాళ్లు, కాగితాలు పదేపదే లెక్కపెట్టుకునేవాళ్లు. మా నంబరు వచ్చింది. కౌంటరు పిల్లకి పాతికేళ్లు కూడా ఉండవు, జలుబు చేసి ముక్కు ఎర్రగా ఉంది. నా పాస్‌పోర్టు పెట్టాను. పక్కన ఖాళీ. ఆ ఖాళీ కేసి చూస్తూ నిలబడ్డాను. ఆయన జేబు బొత్తాం విప్పి, తనది తీసి, నాదాని పక్కన పెట్టారు. సరిగ్గా అంచుకి అంచు ఆనేట్టు జరిపారు కూడా, క్రేనుతో దించినట్టు.

ఆ పిల్ల నన్నడిగింది. "మీ భర్త వెళ్లిపోతున్నారు కదా. మీరెందుకు ఉండాలనుకుంటున్నారు?"

కాగితాలాయన ఏదో పొడుగు జవాబు నేర్పించాడు. అది గుర్తురాలేదు.

"ఆయన పని అయిపోయింది. నా పని అవ్వలేదు" అన్నాను.

ఆ పిల్ల అదే మాట టైపు చేసుకుంది. తర్వాత ఆయన్ని అడిగింది, ఈవిడ మీద ఆధారపడిన మనిషిగా మీ పేరు కూడా చేర్చమంటారా అని. నేను నేల చూపులు చూస్తున్నాను. ఆయన ఒక్కొక్క మాటా వెతుక్కుని వాళ్ల భాషలోనే చెప్పారు.

"వద్దు. నేను వెళ్తాను. ఆమె ఉంటుంది."

స్టాంపు పడింది. జవాబు వచ్చేదాకా ఆ స్టాంపు మీద నేను ఉండొచ్చట. బయటికొచ్చాక నేను ఏ వేళాకోళమూ ఆడలేదు. ఆయన రెండుసార్లు నా వంక చూశారు, ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు.

ఏప్రిల్ 28

ఇవాళ విశేషాలేమీ లేవు. పప్పు మాడింది.

మే 2

ఆయన వెళ్లినప్పటినుంచీ ఇల్లు బాగా పెద్దదైంది. ఒక్కగది ఇల్లు అంతకన్నా ఎంత పెద్దదవుతుంది? మంచానికి అటు చివరిదాకా కాళ్లు చాపి పడుకుంటున్నాను. సుఖంగానే ఉంది. అన్నం మాత్రం ఇద్దరికి సరిపడా వండేస్తున్నాను. మిగిలింది మర్నాడు పొద్దున తింటున్నాను, కాబట్టి నష్టమేం లేదు.

విమానాశ్రయంలో ఆయన లోపలికి వెళ్తూ గ్యాసు కట్టేశావా అని అడిగారు. ఇన్నేళ్ల కాపురం తర్వాత చివరి మాట గ్యాసు.

మే 19

ఆఫీసువాళ్లు కొర్రీ వేశారు. చదువు కాగితాలేవీ అని. కాగితాలాయన ఫోనులో "చూశారా, ఇదే నేను భయపడింది" అన్నాడు. భయపడటానికేనా ఈయనకి ఫీజు?

జవాబు నేనే రాశాను. టేపమ్మ చెప్పింది, నేను వాళ్ల భాషలో, కోడికాళ్ల అక్షరాలతో రాశాను. చదువు ఏడులో ఆపేశాను, పని ఆపలేదు. ఎన్నేళ్లనుంచి ఏమేం కుట్టానో రాశాను. టేపమ్మ కింద సంతకం పెట్టింది. తప్పులు దిద్దమంటావా అని అడిగింది. వద్దన్నాను. ఆ తప్పులు కూడా నేను ఇక్కడ నేర్చుకున్నవే.

మే 27

ఆయన ఫోను. ఎండలు మండిపోతున్నాయట. ఏమన్నా వచ్చిందా అన్నారు. రాలేదన్నాను. పని దొరికిందా అన్నాను. చూస్తున్నానన్నారు. వదిన పక్కనే ఉన్నట్టుంది, మాటలు కొలిచి మాట్లాడారు.

జూన్ 6

రాలేదు. కిటికీలోంచి పోస్టతని కాళ్లు కనపడితే చాలు, సూది చేతిలో గుచ్చుకుంటోంది. తిరస్కరిస్తే ఏం చేస్తావని టేపమ్మ అడిగింది. మళ్లీ వేస్తానన్నాను. మళ్లీ తిరస్కరిస్తే? వాళ్లకి విసుగొచ్చేదాకా వేస్తాను. మా ఇంట్లోవాళ్లనే విసిగించి బతికినదాన్ని, వీళ్లొక లెక్కా?

జూన్ 11

వచ్చింది.

ఫొటోలో నేను దొంగలా ఉన్నాను. పోనీ. నా పేరు కింద ఒక్క మాటే ఉంది, దర్జీ అని. ఆ కిందంతా తెల్లగా ఉంది. ఇదివరకు అక్కడ ఆయన పేరుండేది. టేపమ్మకి చూపిస్తే మెళ్లో టేపు తీసి కళ్లు తుడుచుకుంది, కొట్టుకి వచ్చిన ఇద్దరినీ ప్యాంట్లకి రేపు రమ్మని పంపించేసింది.

ఇంటికొచ్చి నేనే ఫోను చేశాను.

"వచ్చింది" అన్నాను.

"ఏది?"

"కార్డండీ."

అటువైపు నీళ్ల మోటారు చప్పుడు. దాన్ని ఆపమని వదిన అరుస్తోంది. ఆయన ఆపలేదు.

"ఎంతకాలానికి?"

"రెండేళ్లు."

"అయితే ఇక రావన్నమాట."

"ఎందుకు రాను? సెలవు పెట్టుకుని వస్తాను. చూసి, తిరుగు టికెట్టు మీద వచ్చేస్తాను."

మోటారు చప్పుడు దూరమైంది. మేడ మీదికి వెళ్లినట్టున్నారు. గొంతు తగ్గించారు.

"నేనే వస్తే?"

"మీరు రావాలంటే నేను రాయించాలి. నా పేరు మీద. దానికి మీరు నన్ను అడగాలి."

"అడగడమేంటి? ఇప్పుడు అడిగాగా."

"వస్తే ఏంటని అడిగారు. పోదాం అని చెప్పడం, వస్తా అని చెప్పడం మీకు వచ్చు. రమ్మంటావా అని ఒక్కసారి కూడా అడగలేదు. అడగండి."

ఆయన ఊపిరి వినపడుతోంది. కోపంలో వచ్చే ఊపిరి నాకు తెలుసు, ఇది అది కాదు.

"ఆలోచిస్తా" అన్నారు.

"ఆలోచించండి. తొందరేం లేదు. నాకు రెండేళ్లుంది."

ఈసారి ఫోను ముందు నేనే పెట్టేశాను.